ఏడో నంబరు వాల్వు

“కాచి చల్లార్చి తాగమని మైకులో చెప్పిద్దాం. ఇక దీన్ని వదిలెయ్యండి,” అన్నాడు ఇంజనీరు, రిపోర్టును బల్ల మీద ఇవతలికి నెట్టేస్తూ.

“ఇది బేరియం సార్, సూక్ష్మజీవి కాదు కాస్తే చావడానికి. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.” ఆమె తాగునీటి ల్యాబులో కెమిస్టు. “ఏడో నంబరు బోరులో ఉండాల్సినదానికి మూడింతలు వచ్చింది. అనుమానం తీరక మళ్లీ మళ్లీ పరీక్ష చేశాను. రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. ఆ బోరు ఆపించండి.”

“ఆపిస్తే సగం ఊరికి నీళ్లెక్కణ్నుంచి తేను? పరీక్ష చేయడం మీ పని. చేశారు. మిగతాది పైవాళ్లు చూసుకుంటారు.”

“ఎప్పుడు సార్?”

“చూసుకున్నప్పుడు!”

ఆమె కుర్చీలోంచి లేచింది. రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది. మెట్లు దిగి తిన్నగా పంపుహౌసు దారి పట్టింది. పైవాళ్లు కదిలేలోపు ఆ నీళ్లు ఎంతమంది పిల్లల గ్లాసుల్లోకి చేరతాయో తలుచుకుంటే కాళ్లు వాటంతటవే వేగం అందుకున్నాయి. ఉద్యోగం పోతే పోనీ, ఆ బోరు వాల్వు తన చేత్తోనే బిగించేయాలి.

పంపుహౌసులో మోటార్ల హోరుకి చెవులు చిల్లులు పడుతున్నాయి. వెనక ఏడో నంబరు వాల్వు గది. గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు పంపు ఆపరేటరు. ఎవరితోనూ నాలుగు మాటలు కలపడని అంతా ఆయన్ని ముంగి అంటారు.

“కాస్త జరుగు బాబాయ్, వాల్వు చూడాలి,” అంది. మూయడానికొచ్చానంటే క్షణంలో ఇంజనీరుకు ఫోను వెళుతుందని ఆమె భయం.

“చూడ్డానికేముందమ్మా? ఇనప చక్రం.”

“తనిఖీ చేయాలి.”

“కాయితం ఉందా?”

“నన్ను ఎరగవా నువ్వు?”

“ఎరుగుదును. కాయితం ఉందా?”

“ఇంజనీరుగారు నిన్నేమైనా కాపలా పెట్టారా?”

ముంగి మొహం గంటు పెట్టుకుని లేచి, గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు. “ఎవరు పెడితేనేం? ఇవాళ దీని మీద ఎవరి చెయ్యీ పడనివ్వను. నీళ్లు పరీక్ష చేసిన మీరే ఇలా వస్తారనుకోలేదు. మీకు మనసెట్లా ఒప్పిందమ్మా?”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. “మనసా! ఆ మాట నువ్వా అనేది?”

స్టూలు పక్కకు తోసేసి, ఆయన చేతి కింద నుంచి దూరి లోపలికెళ్లింది. రెండు చేతులా చక్రం పట్టుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. ముంగి పరుగున వచ్చి తనూ పట్టుకున్నాడు. ఆమె అరచేతులు ఒరుసుకుపోయాయి. అయినా వదల్లేదు. చక్రం వెంట్రుకవాసి కదల్లేదు.

ఉన్నట్టుండి ముంగి పట్టు సడలింది.

“కుడికి తిప్పుతున్నారేంటమ్మా? అది మూసే వైపు!”

“మూయడానికే వచ్చాను! ఎవరితో చెప్పుకుంటావో చెప్పుకో, పో!”

ముంగి ఆమెను ఎగాదిగా చూశాడు. చక్రం వదిలేసి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

“అదింకెక్కడ తిరుగుతుందమ్మా! పంపుహౌసు ఫైల్లోకొచ్చిన మీ రిపోర్టు నకలు చదివి, పొద్దున డ్యూటీ ఎక్కగానే నేనే మూసేశాను. ఇంజనీరుగారు పంపితే మీరు తెరవడానికొచ్చారనుకుని అడ్డం పడ్డాను!”