అర సెకను

"కిటికీ దగ్గరికి మళ్లీ వాడే వచ్చాడా?" అడిగాడు సుదీప్.

"వచ్చాడు బాబూ. రోబోతో మాటాడతన్నాడు," అంది ఊడుస్తున్న కస్తూరమ్మ.

టాటానగర్ పక్కన గమ్హరియాలో అది ట్రక్కు తలుపులకు రంగు వేసే చిన్న ఫ్యాక్టరీ. రంగు వేసేది రోబో. రోబో అంటే కళ్లూ కాళ్లూ ఏమీ లేవు, పెద్ద ఇనప చెయ్యి, అంతే. దానితో కబుర్లు చెప్పే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతను వెనక సందులో, జాలీ కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

మాసిన గడ్డం, భుజాన గోనెసంచి. పది రోజులు పత్తా ఉండదు, ఒకరోజు ఊడిపడతాడు.

"ఏటి తమ్ముడూ, బాగున్నావా? మొన్న చక్రధర్‌పూర్ ఎల్లాను. అక్కడ ఒకటే వాన."

కస్తూరమ్మ టీ ఇస్తే ముందు గ్లాసు రోబో వైపు చూపించి, తర్వాత తాగేవాడు.

"పిచ్చోడే గానీ మర్యాదున్నోడు," అనేది ఆమె.

ఆ ముచ్చట్లు వినే తీరిక సుదీప్‌కి లేదు. ఇంజనీరుగా చేరి రెండు నెలలే. ఓనరు జానకిరామ్ పొద్దున్నే చెప్పేశాడు.

"నాలుగు వందల తలుపులు శనివారానికి వెళ్లాలి. సరుకు వెనక్కొచ్చిందంటే నువ్వూ ఇంటికే."

సుదీప్ రోబోని గమనించాడు. ప్రతి మూల దగ్గరా రంగు ఆపి అర సెకను ఆగుతోంది. ఎందుకు ఆగాలి? దానికేమైనా నడుం నొప్పా?

ఆ ఆగడాలన్నీ తీసేశాడు. పాత ప్రోగ్రాం మీదే కొత్తది సేవ్ చేశాడు. గంటకి ఇరవై తలుపులు చేసే రోబో ఇరవై రెండు చేయడం మొదలుపెట్టింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

మధ్యాహ్నం కిటికీ దగ్గర గోల.

"బాబూ, ఆపండి. ఆడికి ఊపిరాడ్డం నేదు."

"ఎవరికి?"

"తమ్ముడికి. మూలకాడ ఊపిరి తీస్కునేవోడు. ఇప్పుడు తీస్కోడం నేదు. పని పాడైపోద్ది."

"రోబోకి ఊపిరేంటయ్యా? నాకు పనుంది, వెళ్లు."

అతను వెళ్లలేదు. గేటు దాటి లోపలికే వచ్చేసి, రోబో గది తలుపు మీద చెయ్యి వేశాడు.

సుదీప్‌కి ఒళ్లు మండింది. గార్డుని పిలిచాడు.

"ఈ పాగల్‌ని ఎవరు రానిచ్చారు? బాహర్ కరో. ఇంకోసారి కనపడకూడదు."

గార్డు మెడ పట్టి గెంటాడు. అతను గొడవ పడలేదు.

"నువ్విలా ఆయాసపడతంటే నేను సూడనేను తమ్ముడూ," అన్నాడు.

"ఎక్కడికెల్తావు?" అంది కస్తూరమ్మ.

"టాటానగర్‌లో ఏ రైలుంటే ఆ రైలు ఎక్కేత్తానమ్మా. ఇంక ఈ ఊరు రాను."

శని వదిలిందనుకున్నాడు సుదీప్.

శుక్రవారం సరుకు కొనేవాళ్ల మనిషి వచ్చి తలుపుల్ని ఎండలో నిలబెట్టి చూశాడు. నాలుగు మూలలా రంగు కారి గడ్డకట్టింది. ఒక్కటంటే ఒక్కటి పనికిరాలేదు.

సుదీప్‌కి పాత ప్రోగ్రాం ఎక్కడా దొరకలేదు. రోబోని అమర్చిన పూణే వాళ్లకి ఫోన్ చేశాడు.

"సార్, పాత ప్రోగ్రాం మీ దగ్గరుందా?"

"ఉండదండీ. అది మేం రాసింది కాదు. మంచి పెయింటరు ఎవరైనా రోబో చెయ్యి పట్టుకుని రంగు వేయిస్తే, ఆ కదలికలే అది నేర్చుకుంటుంది. మీ దానికి నేర్పినాయన లాంటి చెయ్యి మేం ఇంకెక్కడా చూడలేదు. ఆయన్నే పిలిచి మళ్లీ నేర్పించుకోండి."

"ఆయనెవరు?"

"చాలా ఏళ్ల కింద మీ ఫ్యాక్టరీలో చేసిన కాంట్రాక్టు మనిషే. మూడు రోజులు అన్నం కూడా సరిగ్గా తినకుండా నేర్పాడు. నాలుగో రోజు, ఇక అవసరం లేదని మీవాళ్లు తీసేశారు. పేరు గుర్తులేదు. వీడియో ఉంది, పంపుతున్నా."

వీడియో వచ్చింది. యూనిఫాం వేసుకున్న మనిషి ఒకడు, పిల్లాడి చేత పలక మీద అక్షరాలు దిద్దిస్తున్నట్టు, రోబో చెయ్యి పట్టుకుని తలుపు మీద రంగు వేయిస్తున్నాడు. సుదీప్ వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

వెనకనించి కస్తూరమ్మ తొంగి చూసింది.

"గడ్డం నేదు గానీ బాబూ, మొన్న మీరు మెడట్టి గెంటించినోడు ఈడే కదేటి."