మట్టి అంటని బూట్లు

"మట్టే అంటని బూట్లని మళ్ళీ కడగడమెందుకు బాపక్?" అంది సులస్త్రి భర్తతో.

"ఆటగాడి బూట్లు తళతళలాడాలి," అన్నాడు హర్తోనో, కుళాయి కింద బ్రష్‌తో రుద్దుతూ.

"ఆటగాడట! మూడు ఆదివారాలుగా మీ కొడుకు అరగదీస్తున్నది బెంచీని."

"పొద్దున్నే మొదలెట్టకు. వచ్చే సీజన్‌లో దింపుతానని కోచ్ మాటిచ్చాడుగా."

ఆ మాటకు బదులుగా భర్త ఏమిచ్చాడో సులస్త్రికి తెలుసు. కొడుకు దనాంగ్ జనన పత్రం.

పన్నెండేళ్ల పిల్లల లీగ్‌లో పద్నాలుగేళ్ల గలీహ్ ఆ పత్రం మీదే ఆడుతున్నాడు. పోటీ జరిగే చోట వాడి పేరే దనాంగ్. అసలైన దనాంగ్‌కి జట్టు జాబితాలో చోటే లేదు.

దనాంగ్ తడి బూట్లు తొడుక్కున్నాడు.

ఆ రోజు సెమీఫైనల్. గలీహ్ మొదటి సగంలోనే రెండు గోల్స్ కొట్టాడు.

"దనాంగ్! దనాంగ్!" అని తండ్రులంతా గొంతు చించుకున్నారు.

బెంచీ మీద దనాంగ్ కూడా చప్పట్లు కొట్టాడు.

అప్పుడే వచ్చాడు ఓ ముసలాయన. రంగు వెలిసిన బాతిక్ అద్దకం చొక్కా, చంకలో నోటుపుస్తకం. వచ్చి హర్తోనో పక్కన నిలబడ్డాడు. ఆట వైపు మాత్రం చూడలేదు.

"తమ్ముడూ, బెంచీ చివర కూర్చున్న ఆ పొట్టివాడు ఎవరబ్బాయి?"

అవతలి గీత దగ్గర నుంచి కోచ్ ముర్సిద్ కళ్ళతోనే హెచ్చరించాడు. వయసులు తనిఖీ చేసేవాళ్ళు ఇలాగే కబుర్లు కలుపుతారని ఆయన ముందే చెప్పి ఉంచాడు.

"ఎందుకు తాతా?"

"ఊరికే. వాడి మేనమామలు పొడుగేనా?"

"మేనమామల పొడుగెందుకు? పిల్లనిస్తావా ఏమిటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ముసలాయనా నవ్వాడు.

"మీ జట్టువాడేనా?"

హర్తోనో కోచ్ వైపు ఓసారి చూశాడు.

"కాదు. నీళ్ళు మోయడానికి వచ్చాడు."

"వాళ్ళ నాన్న ఇక్కడెక్కడైనా ఉన్నాడా?"

"ఏమో, నాకు తెలీదు."

వెనకే నిలబడ్డ సులస్త్రికి ఆ మాట వినిపించింది. బెంచీ అక్కడికి నాలుగడుగులే. దనాంగ్ తలెత్తి తండ్రిని చూశాడు. మళ్ళీ దించుకున్నాడు.

విరామానికి ఈల పడగానే వాడు లేచి, అందరికీ నీళ్ళ సీసాలు అందించడం మొదలుపెట్టాడు.

ముసలాయన కాసేపు అటే చూశాడు. నోటుపుస్తకంలో ఏదో కొట్టేసి, బస్సు వచ్చే వైపు నడిచి వెళ్ళిపోయాడు.

జట్టు ఫైనల్‌కు చేరింది.

రాత్రి అన్నంలోకి వేయించిన టెంపే సోయా ముక్కలు, సంబల్ కారం. ముగ్గురూ చాప మీద కూర్చున్నారు.

"ఇబూ, బూట్లు పక్కింటి అగుంగ్‌కి ఇచ్చేశాను," అన్నాడు దనాంగ్ తల్లితో.

"అదేమిట్రా?"

"ఇక నేను ఆటకి వెళ్ళను. నీళ్ళు మోయడానికి బూట్లక్కర్లేదుగా."

వాడి గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. సంబల్ గిన్నె ఇటు జరపమన్నట్టుగా చెప్పాడు.

హర్తోనో కసురుతాడనుకుంది సులస్త్రి. అతను కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. ఎడమ చేత్తో ఫోన్‌ను ఆమె ముందుకు జరిపాడు. కోచ్ పంపిన సందేశం ఇంకా తెర మీదే ఉంది.

ఆ ముసలాయన తనిఖీ మనిషి కాడట. ఇవాళ పొట్టిగా ఉన్నా మరో ఆరేళ్ళలో ఎదిగే పిల్లల్ని ఏరి పెద్ద ఫుట్‌బాల్ శిక్షణాలయానికి తీసుకువెళ్ళేవాడట. బుధవారం కాలవ గట్టున దనాంగ్ ఆడుతుంటే చూసి, మిగిలిన ఒక్క చోటూ వాడికోసమే అట్టేపెట్టి, వాళ్ళ నాన్నను ఒక్క మాట అడిగి వెళదామని సురబయా నగరం నుంచి మళ్ళీ వచ్చాడట.