ఐదో గది

"నాలుగు పేలాయి. ఐదోది టిక్కుమంది, అంతే," అంటూ డెల్మర్ ప్రూట్ రివాల్వర్‌ను బల్ల మీద పెట్టాడు. "ఎలుగు అప్పటికి పదడుగుల దూరంలో ఉంది, ఒర్విల్."

ఒర్విల్ హాగెన్ కళ్లద్దాలు సవరించుకున్నాడు గానీ తుపాకీని ముట్టుకోలేదు. దానిలో తూటాలు పట్టి తిరిగే సిలిండర్‌ను ఉక్కు కడ్డీ నుంచి తొలిచి చేసింది అతనే. కాఫీ పోస్తున్న ఆర్డిస్ చెయ్యి ఆగింది. నలభయ్యేళ్ల కాపురంలో భర్త తను చేసిన వస్తువును తాకడానికి జంకడం ఆమె చూడలేదు.

డెల్మర్ కోపంగా వచ్చి ఉంటే తేలికగా ఉండేది. అతను కోపంగా రాలేదు. అబ్సరోకా కొండల్లో వేటగాళ్లకు దారి చూపించడం అతని పని. మొన్న పొద్దున, కొట్టిన దుప్పిని గుర్రం మీదికి ఎక్కిస్తుంటే పొదల్లోంచి గ్రిజ్లీ ఎలుగు దూసుకొచ్చిందట. నాలుగో దెబ్బకు తూలిందట. ఐదోసారి తుపాకీ సుత్తి ఉత్తినే కొట్టుకుందట. ఇంకో రెండడుగులు వేసి ఎలుగు దానంతటదే కూలిందట. ఆ రెండడుగులూ నాలుగై ఉంటే ఇంటికి తన టోపీ ఒక్కటే చేరేదని చెప్పి, నవ్వబోయి మానుకున్నాడు.

పేలని ఆ తూటా ఏదని ఒర్విల్ అడిగాడు. పేలిన తూటాల ఖాళీ తొడుగులతో పాటే చూడకుండా గడ్డిలోకి దులిపేశానన్నాడు డెల్మర్. ఆ క్షణంలో తన చేతులు తన మాట వినలేదట.

ఒర్విల్ అప్పుడు సిలిండర్‌ను ఊడదీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. అది చేస్తున్నన్నాళ్లూ ఆర్డిస్ చూస్తూనే ఉంది. తుపాకీ చట్రంలో ఎంత లావు పడుతుందో అంత లావు ఉక్కు. అందులో తూటాలు దూర్చే గదులు ఆరుకు బదులు ఐదే. ఆరు తొలిస్తే గదికీ గదికీ మధ్య గోడ పలచబడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, సిలిండర్‌ను పట్టి ఆపే గాడి సరిగ్గా గది నడినెత్తిన పడుతుంది. అంటే తూటాలోని మందు పేలిన దెబ్బ తగిలే చోటనే ఉక్కును గీకేసినట్టు. ఐదైతే ఆ గాడి రెండు గదుల నడుమ, ఉక్కు దళసరిగా ఉన్నచోట పడుతుంది. ఇంత చిన్న మెలికలో అంత బలం దాగి ఉండటం ఆమెకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. పైగా ఒర్విల్ గదులను విడిగా తొలవడు. సిలిండర్‌ను చట్రంలో బిగించి, తుపాకీ గొట్టం పట్టే రంధ్రంలోంచే ఒక్కొక్కటీ తొలుస్తాడు. ఏ గది తిరిగి వచ్చినా గొట్టానికి వెంట్రుకవాసి తేడా లేకుండా ఎదురు నిలుస్తుంది.

అప్పట్లో డెల్మర్ ఆరే కావాలని పేచీ పెట్టాడు. ఆరో గది కావాలంటే ఆరో వేలు కూడా తెచ్చుకో, ఒకటి రెండు ఎగిరిపోయినా సరిపోతాయి అని ఒర్విల్ నోరు మూయించాడు.

ఒర్విల్ గోడలు కొలిచాడు. గాడులు కొలిచాడు. సుత్తి స్ప్రింగును త్రాసుకు తగిలించి చూశాడు. ఐదో గది మీద సుత్తి మొన ఎంత లోతు దిగుతోందో చూశాడు. గంటన్నర పట్టింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"తప్పు దొరికితే దిద్దేవాణ్ణి," అన్నాడు చివరికి. "దొరకని తప్పును ఏం చెయ్యను?"

డెల్మర్ తల వంచుకున్నాడు. ఇంత బరువు మందు ఐదొందల సార్లు కాల్చినా సిలిండర్ వీసమంత కదల్లేదని, దీన్ని చెడ్డదని ఎక్కడా అననని చెప్పాడు. "కానీ మళ్లీ నా నడుముకు మాత్రం కట్టుకోలేను."

ఆ మాటకు ఒర్విల్ లేచాడు. ఇలాంటి తుపాకులే ఇంకా పదకొండు ఆ కొండల్లో పదకొండు మంది నడుముకు వేలాడుతున్నాయి. అందరికీ ఫోన్ చేసి వెనక్కి రప్పిస్తానని, ఆ పన్నెండూ కరిగించాక కొట్టు తలుపు మళ్లీ తెరవనని అన్నాడు. గొంతు పెంచలేదు. ఫోన్ అందుకున్నాడు.

ఆర్డిస్ ఆ ఫోన్ మీద చెయ్యి వేసింది.

"ఒక్క నిమిషం ఆగు. కేకు పొంగకపోతే నేను పొయ్యిని విప్పి చూడను. గుడ్డు పగలగొట్టిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడతాను."

సొరుగులోంచి మందు లేని ఉత్తుత్తి తూటాలు ఐదు తీసి, బల్ల మీద గుడ్డ పరిచి వరసగా పెట్టింది. మొన్న పొద్దున గుర్రం ఎక్కేముందు ఏం చేశాడో అదే చేసి చూపించమంది.

"నాకు తూటాలు వెయ్యడం రాదనుకున్నావా, ఆర్డిస్?" డెల్మర్ నవ్వుతూనే తుపాకీ అందుకున్నాడు. పదేళ్ల వయసు నుంచీ చేస్తున్న పనే. వాళ్ల నాన్న పాత ఆరు గదుల తుపాకీతో నేర్పాడట. దాని సుత్తి తూటా మీదే ఆని ఉండేది కాబట్టి, జీను తాలూకు ఇనుము జారిపడి తగిలితే చాలు, పేలేదట. బాబాయి మోకాలు అలాగే పోయిందట. అందుకని సుత్తి కింది గది ఎప్పుడూ ఖాళీగా ఉంచాలని నాన్న బెల్టు తీసి మరీ నేర్పాడట. కబుర్లు చెబుతున్నంతసేపూ అతని చూపు ఆర్డిస్ మీదే ఉంది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"దీనికి ఆ బెడద లేదుగా. రాతి మీద పడేసినా పేలదని మీ ఆయనే చెప్పాడు. అందుకే నేను ఐదూ నింపుకుంటాను." సుత్తిని లాగి, మెల్లగా దించి, తుపాకీని ఒర్విల్ వైపు తోశాడు. "ఇదిగో. నిండింది."

ఆర్డిస్ తుపాకీ వైపు చూడలేదు. ఆమె ఎటు చూస్తోందో ఒర్విల్ అటే చూశాడు.

గుడ్డ మీద ఒక తూటా మిగిలి ఉంది.