డాక్టరు గారి కోటు

డాక్టర్ శశిభూషణ్ గారి తెల్లకోటు వీరాస్వామికి భుజాల దగ్గర జారిపోతోంది. చేతులు రెండు మడతలు పెడితే గానీ వేళ్లు బయటికి రాలేదు. జేబుకి తగిలించిన బిళ్ల మీద మాత్రం డాక్టరు గారి పేరు దర్జాగా ఉంది.

వీరాస్వామి డాక్టరు కాదు. రావులపాలెంలో శశిభూషణ్ గారి దగ్గర ఇరవయ్యారేళ్లుగా కాంపౌండరు.

ఐదేళ్లకోసారి డాక్టర్లు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు సదస్సుల్లో కూర్చుని, కొత్త వైద్యం విని, పాయింట్లు సంపాదించాలి. శశిభూషణ్ గారికి ఆరు పాయింట్లు తక్కువయ్యాయి. గడువు నెలాఖరు. రాజమండ్రిలో ఈ ఆదివారం జరిగే సదస్సే ఆఖరిది. ఇదీ తప్పితే ఆస్పత్రి బోర్డు దించెయ్యాల్సిందే.

"నలభై ఏళ్లు ప్రాక్టీసు చేశాక నన్ను బెంచీ మీద కూర్చోబెడతారా!" అని ఆయన మండిపడ్డారు. కాసేపటికి చల్లబడి, "వీరాస్వామీ, నువ్వెళ్లి కూర్చో. నోరు విప్పకు. మూడుసార్లు నా సంతకం పెట్టి వచ్చెయ్" అన్నారు.

"నా వల్ల కాదండి బాబూ."

"నా సంతకం నాకంటే నువ్వే బాగా పెడతావు కదరా!"

అదీ నిజమే. తన డాక్టరు గారి సంతకం పెట్టడం రాని కాంపౌండరు గోదావరి జిల్లాల్లో ఎక్కడున్నాడు గనక!

హోటల్ హాల్లో అరవై తెల్లకోట్లు. కోటుతోనే రావాలని కబురు మరి. వీరాస్వామి వెనక వరసలో ఒదిగి కూర్చున్నాడు. ఇంతమంది పెద్దవాళ్ల మధ్య తనొక్కడే దొంగ. తలుచుకుంటేనే సిగ్గేసింది.

పది గంటలకి మెడికల్ కౌన్సిల్ పంపిన పరిశీలకుడు డాక్టర్ ఉదయ్‌భాస్కర్ గారు లోపలికొచ్చారు. భారీ మనిషి. ఆయన్ని చూడగానే హాలు హాలంతా లేచి చేతులు కట్టుకుని నిలబడింది. అంత చదువుకున్నా ఎంత అణకువ అనుకుంటూ వీరాస్వామీ లేచాడు.

"ఒకరి బదులు ఇంకొకరు వస్తున్నారని కంప్లెయింట్లు వచ్చాయి" అన్నారాయన మైకులో. "ఇవాళ ఎవరైనా దొరికితే, పంపిన డాక్టరుకి ఆరు నెలల సస్పెన్షన్. మందుచీటీ కూడా రాయడానికి వీల్లేదు."

హాలంతా కుర్చీల్లో సర్దుకుని కూర్చుంది.

వీరాస్వామి జేబు మీది బిళ్లని చేత్తో కప్పుకున్నాడు. ఆరు నెలలు ఆస్పత్రి మూస్తే పేషెంట్లు ఎలాగో ఇంకో చోటికి పోతారు. అయ్యగారు మాత్రం మనాదితోనే మంచం పడతారు. ఆయన్ని అలా చూడటం తన వల్ల కాదు.

తెర మీద హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసరు గారు రెండు గంటలు మాట్లాడారు. చివర్లో "సందేహాలేమైనా ఉన్నాయా?" అని మూడుసార్లు అడిగారు. ఒక్క చెయ్యి లేవలేదు. ఒక్కరికీ సందేహమే లేదంటే ఏం చదువులు మహానుభావులవి!

పక్క కుర్చీలో ఆయన తుని డాక్టరు గణేష్‌బాబు గారని బిళ్ల చెబుతోంది. ఆయన ఏదో ఆలోచిస్తూ భోజనం టోకెన్‌ని వేళ్ల మధ్య తిప్పి, చక్కటి మందు పొట్లంలా మడిచేశారు. పాపం, ఈయనకి కాంపౌండరు లేడు కాబోలు, అన్నీ తనే చూసుకుంటున్నారు అని వీరాస్వామి జాలిపడ్డాడు.

"టిఫినయిందాండి?" అన్నాడు ధైర్యం చేసి.

"అయిందండి సార్" అన్నారాయన, కుర్చీ అంచుకి జరిగి కూర్చుంటూ.

ఈలోగా ఉదయ్‌భాస్కర్ గారు రిజిస్టరు పట్టుకుని వరసల్లో తిరగడం మొదలుపెట్టారు. తిరిగి తిరిగి సరిగ్గా వీరాస్వామి ముందు ఆగారు.

"రావులపాలెం శశిభూషణ్ గారు మీరేనా?"

"అండి."

"అరవై ఎనిమిదేళ్లని రాసుంది. బొత్తిగా తెలియడం లేదే!" ఆయన కళ్లు కోటు మడతల మీదికి దిగాయి. "మీ రిజిస్ట్రేషన్ ఏ సంవత్సరం?"

అయిపోయింది. వీరాస్వామి కళ్ల ముందు బోర్డు దిగిపోతోంది.

కానీ ఆయన జవాబు కోసం చూడటం లేదు. నుదుటి మీద చెమట పట్టింది. చేతిలో రిజిస్టరు వణుకుతోంది. ఆ చెమటని వీరాస్వామి ఇరవయ్యారేళ్లుగా చూస్తున్నాడు. పొద్దున మాత్ర వేసుకుని టిఫిన్ మానేశాడీ మనిషి. షుగరు పడిపోయింది.

జారుకోవడానికి ఇంతకంటే అదును దొరకదు. తలుపు పది అడుగుల్లో ఉంది. ముట్టుకుని ఇక్కడే ఉండిపోతే మాత్రం గుట్టు బయటపడుతుంది.

ఉదయ్‌భాస్కర్ గారు ముందుకి తూలారు. వీరాస్వామి ఇంకేమీ ఆలోచించలేదు, రెండు చేతులా పట్టుకుని కూర్చోబెట్టాడు.

తెల్లకోట్లన్నీ ఒక్క ఉదుటున వచ్చి పడ్డాయి. ఒకరు కాలరు వదులు చేశారు. ఒకరు అట్టతో విసిరారు. గణేష్‌బాబు గారు క్షణంలో పంచదార నీళ్లు కలిపి, గుక్క గుక్కగా తాగించారు. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, చేతులకే పని తెలుసు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి గానీ, వీరాస్వామి వేళ్ల కింద నాడి ఇంకా కుదుటపడలేదు.

ఇప్పుడేం చెయ్యాలో ఎవరో ఒకరు చెప్పాలి. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఇరవయ్యారేళ్ల అలవాటు. కోటూ, బిళ్లా, సస్పెన్షనూ ఏవీ గుర్తు రాలేదు. "ఉండండి, మా డాక్టరు గారికి ఫోన్ చేస్తాను!" అని గట్టిగా అనేసి, వెంటనే నాలిక కరుచుకున్నాడు వీరాస్వామి.

ఎవరూ అతని వంక చూడలేదు. మిగతా యాభై తొమ్మిది మందీ అప్పటికే చెవుల దగ్గర ఫోన్లు పెట్టుకుని, ఎవరి డాక్టరు గారిని వాళ్లు పిలుస్తున్నారు.