ఒంటి తుమ్ము

కోపెన్‌హేగన్‌లో ఇప్పుడు గొంతుకు బిళ్ళ పెట్టుకోకుండా ఎవరూ గడప దాటరు. ఏ భాషలో నోరు విప్పినా ఆ బిళ్ళలోంచి డేనిష్ మాటే బయటికొస్తుంది. వకుళమ్మ కూతురూ మనవరాలూ ఇంట్లో కూడా బిళ్ళ తీయరు. ఆవిడ చెవిన తెలుగు ముక్క పడి ఎన్నాళ్ళయిందో!

అందుకే ఎదురింటాయన మీద ఆవిడకు అనుమానం. చూస్తే మనవైపు మనిషిలాగే ఉన్నాడు. పలకరిస్తే మాత్రం ఆ బిళ్ళ ఏ సంగతీ తేలనివ్వదు. పైగా ఆయన గుమ్మం ముందు రోజూ ఒక చెప్పు తిరగబడి ఉంటుంది. మనవాడైతే అలా వదిలేస్తాడా? ఇంట్లో పోట్లాటలొస్తాయని ఆవిడే వెళ్ళి కాలితో సరిచేసి వస్తోంది.

ఇక లాభం లేదని ఈ పొద్దున చిటికెడు మిరియాల పొడి పట్టుకుని తలుపు దగ్గర కాపు కాసింది. ఆయన బ్యాగు తగిలించుకుని బయట అడుగు పెట్టగానే పొడి వాసన చూసి గట్టిగా తుమ్మింది.

ఆయన టక్కున ఆగిపోయాడు. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆయన కదల్లేదు. ఆవిడ వంకే చూస్తూ నిలబడి, చివరికి గొంతు మీది బిళ్ళ ఊడదీశాడు.

"ఆ రెండోది కూడా తుమ్మేయండి పిన్నిగారూ, ఒంటి తుమ్ముతో ఎలా వెళ్ళను? చెప్పు సరిచేస్తున్నది మీరేనని నాకూ అనుమానమే. రోజూ పనిగట్టుకుని తిరగేసి పెడుతున్నది మరెందుకనుకున్నారు?"