మూగ లైన్ల జాబితా

"ఏవయ్యా రవికిరణ్, పదకొండూ ఒక్క నిమిషానికి ముప్ఫై ఎనిమిది కాల్సు ఒకేసారి తెగిపోయాయంటే నీ మిషను నిద్రపోతోందా?"

మేనేజరు సీతారామయ్య అరుపుకి కొత్తగూడ చౌరస్తాలోని ఆ కాల్ సెంటరంతా ఉలిక్కిపడింది. నెట్‌వర్కు ఇంజనీరు రవికిరణ్ సర్వర్ గది గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు.

"మిషను తప్పు కాదండీ. మన వైపు నుంచి అరవై సెకన్లు మాట వెళ్లకపోతే లైను తెంపెయ్యమని నిన్ననే పెట్టాను. అంతకుముందు ఐదు నిమిషాలుండేది. మూగ కాల్సు ఎక్కువైపోతున్నాయి, తగ్గించమని మీరే అన్నారు కదా."

"అయితే ముప్ఫై ఎనిమిది మందికీ ఒకేసారి నోరు పడిపోయిందా?"

పడిపోలేదు, మూసుకున్నారు. తెలంగాణ కోసం ప్రాణాలిచ్చినవాళ్లకి పదకొండింటికి రెండు నిమిషాల మౌనమని పొద్దుటి నుంచీ ఊరంతా అనుకుంటోంది. ఆ మాట పైకి అనడానికి రవికిరణ్‌కి ధైర్యం చాలలేదు. సీతారామయ్య అతని మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ తెగిన లైన్ల నంబర్లన్నీ పన్నెండింటికల్లా పంపమంది బొంబాయి ఆఫీసు. జాబితాలో ఉన్నవాళ్లెవరూ రేపట్నించి రానక్కర్లేదట. కానియ్."

ఆయన అటు వెళ్లగానే, కాల్సు మాట్లాడే రజిత సర్వర్ గదిలోకి దూసుకొచ్చింది.

"సార్, జర ఆగుండ్రి! సమ్మెకు పోతే కొలువు పోతదని పనికొచ్చినం. రోడ్డు మీద కూసోలే, ఎవల్నీ ఏమనలే. రెండు నిమిషాలు మ్యూట్ నొక్కి ఊకున్నం, గంతే. గీ డబ్బా మమ్మల్ని పట్టిస్తదని ఎవలకెర్క?"

"నేనేం చెయ్యను రజితా? పంపకపోతే నా ఉద్యోగం పోతుంది."

"మీది పోవద్దు, మాది పోవాలె. మంచిగనే ఉంది సార్."

కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ మాట రవికిరణ్‌కి చురుక్కుమని తగిలింది. నిన్న తను ఐదు నిమిషాలు అలాగే ఉంచి ఉంటే ఈ పిల్ల మౌనం ఎవరికి తెలిసేది?

జాబితా తెరిచాడు. అన్నిటికన్నా కింద రజిత నంబరు, రెండొందల ముప్ఫై తొమ్మిది. చటుక్కున తుడిచేశాడు. ఒక్కటే కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నాడు. దాని పైనున్న రెండొందల ముప్ఫై ఒకటి కనిపించింది. మరి వీళ్లేం పాపం చేశారు? అదీ తుడిచాడు. దాని పైది, దాని పైది. పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది.

భుజం మీద చెయ్యి పడింది.

"ఏం చేస్తున్నావ్?" సీతారామయ్య.

దొరికిపోయాక ఇంక దాచేదేముంది! రవికిరణ్ లేచి నిలబడ్డాడు.

"తుడిచేస్తున్నానండి. వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు, ఇంజనీరే తప్పు చేసి లైన్లు తెంపేశాడని రాసెయ్యండి. నేనే పోతాను."

సీతారామయ్య వెళ్లి తలుపు గడియపెట్టి వచ్చాడు. కళ్లజోడు సవరించుకుని తెర మీదికి వంగాడు.

"ఎంతదాకా తుడిచావ్?"

"నూట పది దాకా సార్."

"అక్కడ ఆగిపోయావేం?" ఆయన దాని పై వరస మీద వేలు పెట్టాడు. "నూట నాలుగు నాదేనయ్యా."