గూళూరు జీపు బేరం

గూళూరులో మునిశామప్ప నాలుగు చక్రాలూ లాగే పాత ఫోర్ వీల్ జీపు అమ్ముతున్నాడని తెలిసి, నయన బాగేపల్లి నుంచి స్కూటర్ మీద వచ్చింది. తనే విప్పి, తనే బిగించి రోడ్డెక్కించే బండి ఒకటి కావాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. ఇంతవరకూ స్కూటర్ తప్ప ఏదీ విప్పలేదు. తన వల్ల అవుతుందా అని లోపల భయం.

"నడిపి చూడమ్మా," అన్నాడు మునిశామప్ప, పక్క సీట్లో కూర్చుంటూ.

రాత్రి వాన పడింది. చెనక్కాయ చేను దాటి బోరు దగ్గరికి రాగానే జీపు బురదలో కూరుకుపోయింది. వెనక చక్రాలు ఊరికే తిరిగాయి. ముందువి కదల్లేదు.

"ఫోర్ వీల్ గేరు పడదమ్మా. చానా ఏండ్లాయ. దానికే అమ్మేస్తాండా. దిగు, ట్రాక్టర్ పిలుస్తా," అన్నాడాయన చిన్నబోయి.

"ఉండప్పా, ఒకసారి చూస్తా."

నయన బురదలోనే బండి కిందికి దూరింది. ఫోర్ వీల్ గేరు కడ్డీకి పిన్ను ఊడిపోయి, కడ్డీ వట్టిగా వేలాడుతోంది. "అప్పా, కంబి ముక్క ఉండాదా?" అని కేకేసింది. ఆయన కంచె నుంచి తీగ ముక్క తెంపి ఇచ్చాడు. దాంతోనే బిగించి కట్టింది.

మళ్లీ ఎక్కి గేరు వేస్తే, ఈసారి నాలుగు చక్రాలూ పట్టాయి. జీపు ఒక్క ఊపున గట్టెక్కింది. మునిశామప్ప చప్పట్లు కొట్టి నవ్వాడు.

"అయితే బేరం మాట్లాడదామా అప్పా?"

"ఇంగేం బేరం తల్లీ! ఇంత బాగా పోయే బండిని ఎవరన్నా అమ్ముకుంటారా?"

నయన ముఖం మీది బురద తుడుచుకుని పకపకా నవ్వింది.

"పోనీలేప్పా. ఇట్లా చెడిపోయింది ఇంగొకటి యాడన్నా ఉంటే చెప్పు."